పంపు గది వెనక నీలి పువ్వు

ఆ ఆదివారం ఉదయానికి విశాలాక్షి వేసుకున్న పథకంలో తప్పు పట్టవలసింది ఏదీ లేదు. పదింటికి సొసైటీ కమిటీ వాళ్లు కిందికి దిగి వస్తారు. పంపు గది వెనక, వేపచెట్టు పక్కన, తెల్లవారుజామునే విచ్చుకున్న ఐరిస్ పువ్వును చూస్తారు. చూశాక, ఆ నేల స్కూటర్లు నిలపడానికి కాదనీ, మొక్కలు పెంచడానికేననీ ఒప్పుకోక తప్పదు. ఆ పైన తలా కాస్త వేడి శనగపిండి లోచో తిని, టీ తాగి, ఎవరి ఫ్లాటుకు వారు వెళ్లిపోతారు. ఈ మొత్తం వ్యవహారంలో మనుషుల ప్రమేయం వీలైనంత తక్కువగా ఉండేటట్టు ఆమె జాగ్రత్త పడింది. ఉద్యోగకాలమంతా బడిపిల్లలకు వృక్షశాస్త్రం బోధించి రిటైరైన మనిషి కాబట్టి, మొక్కలు మాట తప్పవనీ, తప్పేదల్లా వాటి చుట్టూ తిరిగేవాళ్లేననీ ఆమెకు తెలుసు.

సూరత్‌లో భేస్తాన్ వైపున్న ఆ సొసైటీకి చైర్మన్ ఓంప్రకాష్. చీరల దలాలీ చేస్తాడు. బండి నిలపని జాగా ఏదైనా ఆయన దృష్టిలో బంజరే. పంపు గదికీ ప్రహరీ గోడకూ మధ్య ఉన్న మట్టిని చదును చేయించి సిమెంటు పలకలు పరిపించాలని ఏడాదిగా ఆయన కోరిక. పలకలు తెప్పించి గోడ పక్కన పేర్పించాడు కూడా. విశాలాక్షి అడ్డం పడితే, సర్వసభ్య సమావేశంలో అందరి ఎదుటా హిందీలో ఒక మాట ఇచ్చాడు: "హోలీ లోపల మీ చలిదేశపు పువ్వు పూసిందా, నేల మీది, ఆంటీజీ. పూయలేదా, స్కూటర్లది." ఇచ్చి నవ్వాడు. సూరత్ ఎండలో ఐరిస్ పూయదని ఎవరో నర్సరీవాడు అప్పటికే ఆయన చెవిన వేశాడు. ఆ నవ్వును విశాలాక్షి మరచిపోలేదు. మరచిపోవడం ఆమె అలవాట్లలో లేదు.

దుంపలు మంచుకొండల దాపున పాలంపూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఆమె చెల్లెలి కూతురు కీర్తి పంపింది. వాటికి చలికాలం వచ్చిందన్న భ్రమ కల్పించడం కోసం విశాలాక్షి వర్షాకాలం చివర్లో వాటిని ఫ్రిజ్‌లో దాచింది. భర్త గురుమూర్తి సంగతి తెలుసు కనుక డబ్బా మీద 'అల్లం కాదు' అని రాసింది. ఆయన సంగతి బాగా తెలుసు కనుక కింద 'మామిడల్లం కూడా కాదు' అని రాసింది. దసరా వెళ్లాక మట్టిని గట్టులా ఎత్తు చేసి, దుంప వీపు సగం బయటకు కనిపించేటట్టు, నీళ్లలో పడుకున్న గేదెలా, ఒక్కొక్కటీ నాటింది. పూర్తి ఎండలో పెడితే సూరత్ సూర్యుడు వేపుకు తింటాడు. పూర్తి నీడలో పెడితే కత్తుల్లాంటి ఆకులు నడుమెత్తు పెరుగుతాయి గానీ పువ్వు అనేది రాదు. అందుచేత మధ్యాహ్నం దాకా ఎండ, తరువాత నీడ. అంతే, దానికి అటూ ఇటూ కాదు. వేపకొమ్మల్లో ఏది ఉండాలో, ఏది పోవాలో ఆమె కింద నిలబడి చెప్పగా, గురుమూర్తి నిచ్చెన ఎక్కి నరికాడు. రెండుసార్లు తప్పు కొమ్మ నరికాడు. దాని గురించి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

ఇంత చేశాక ఆ మడి దగ్గరికి వచ్చిన ప్రతి ప్రాణికీ ఆమె ఒక్కటే చెప్పేది: "దయచేసి ముట్టుకోకండి." వాచ్‌మన్‌కు చెప్పింది, పాలవాడికి చెప్పింది, ప్రహరీ మీది పిల్లికి కూడా అదే మర్యాదతో చెప్పింది. ఆ 'దయచేసి'లో దయ లేశమైనా ఉండేది కాదు. చూపుడు వేలు మాత్రం నిటారుగా లేచేది.

ఈ మాటను అందరికంటే ఎక్కువసార్లు విన్నది చాందిని. విశాలాక్షి ఇంట్లో పనిచేసే బాలవ్వకు మనుమరాలు. బాలవ్వ పెనిమిటి నర్సింగం పక్కపేట బమ్రోలిలో మరమగ్గాలు నడుపుతాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడే తలలు నెరిసిన దంపతులు. కొడుకూ కోడలూ కూడా మగ్గాల మీదనే. పిల్లకు మూడేళ్లు నిండవస్తున్నాయి, నోట ఒక్క మాట లేదు. డాక్టర్లు చెవులు చూశారు, నాలుక చూశారు, అన్నీ బాగున్నాయన్నారు. మగ్గాల రొద పక్కన పుట్టిన పిల్లకు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, అంగన్‌వాడీలో గుజరాతీ. వీటిలో ఏది మాట్లాడాలో తేల్చుకోవడానికి పాపం వ్యవధి కావాలి కదా అని విశాలాక్షి అభిప్రాయం.

"జూన్‌ల బడికి తోలాలె. మాట రాని పోరిని ఎవలు దీస్కుంటరమ్మా?" అని బాలవ్వ అంట్లు తోముతూ కళ్లు తుడుచుకునేది.

"ఇక్కడే మొక్కల దగ్గర కూర్చోనీ, బాలవ్వా. మాటలు వాటంతట అవే వస్తాయి," అని చలికాలంలో ఒకనాడు విశాలాక్షి ఓదార్చింది. ఆమె ఉద్దేశం పిల్లలు ఎదిగే తీరు గురించి. బాలవ్వ ఆ మాటలో విన్నది పిల్లల ఎదుగుదల కాదు, మొక్కలు.

అలా వినడానికి ఆమెకు కారణం ఉంది. మట్టిలోంచి వీపు పైకి పెట్టిన ముడుతల దుంప. దాని మీద విసనకర్రలా విచ్చిన కత్తి ఆకులు. తెలుగుదేశంలో ఏ అమ్మమ్మకు చూపించినా వసకొమ్మే అంటుంది. పిల్లకు మాట రాకపోతే వస అరగదీసి నాలుకకు రాయడం, గలగలా మాట్లాడేదాన్ని వసపిట్ట అనడం తెలియని ఇల్లు లేదు. పువ్వు లేని రోజుల్లో ఈ రెండు మొక్కలనూ పక్కపక్కన పెడితే చదువుకున్నవాళ్లే తడబడతారు. అయినా బాలవ్వ తొందరపడలేదు. న్యాయంగా ఇంటి యజమానినే అడిగింది.

"సారూ, పంపు గది ఎన్క అమ్మ వెట్టింది వసేనా?"

గురుమూర్తి రైల్వే కంట్రోల్ ఆఫీసులో పాతికేళ్లు రెండు చెవులకూ రెండు ఫోన్లు ఆనించుకుని పనిచేసి, రిటైరయ్యాక ఎవరి మాటా వినకుండా ఉండే హక్కు సంపాదించుకున్నవాడు. సెల్‌ఫోనులో చదరంగం ఆడుతూ, ఎవరు ఏమడిగినా ఒకే జవాబు చెబుతాడు. అదే చెప్పాడు.

"ఆఁ, అదే అదే."

ఆదివారం ఉదయం విశాలాక్షి మెత్తటి గుడ్డ పట్టుకుని, ఆకుల మీది దుమ్ము తుడుద్దామని కిందికి దిగేసరికి, మడి మడిలా లేదు. వరినాట్లకు సిద్ధం చేసిన పొలంలా ఉంది. దుంపలు నిజంగానే గేదెల్లా నీళ్లలో తేలుతున్నాయి. బాలవ్వ చీర ఎగదోపుకుని, రబ్బరు గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. చాందిని గట్టు మీద మోకాళ్లు కావలించుకుని కూర్చుని, పువ్వును కాపలా కాస్తోంది. పువ్వు మాత్రం వీళ్లెవరితోనూ తనకు సంబంధం లేనట్టు, రేకుల మీద పసుపు నూగుతో, నీలంగా, నిటారుగా నిలబడి ఉంది.

"బాలవ్వా! కట్టెయ్ ఆ గొట్టం! ఏమిటిది?"

"నీళ్లు వెడ్తున్ననమ్మా. మీరు సుక్క సుక్క ఇదిలిస్తాన్రు. గది ఎట్ల వెరుగుతది? గీ చెట్టుకు బురద గావాలె."

"దీనికి బురద పనికిరాదు. దుంప కుళ్లిపోతుంది."

"గట్లెట్ల కుళ్లుతదమ్మా? మా దిక్కు కాల్వ పొంటి నీళ్లల్లనే ఉంటుండె."

"మీ కాలువ పొడుగునా ఐరిస్ ఉండేదా?"

"ఐరిసో గియిరిసో నాకెర్క లేదు. మేమైతే వస అంటం."

విశాలాక్షి చేతిలోని గుడ్డను గట్టు మీద పెట్టింది. తరువాత, పరీక్షలో కాపీ కొట్టిన పిల్లవాణ్ని ప్రశ్నించే గొంతుతో అడిగింది. "ఇది వస అని ఎవరు చెప్పారు నీకు?"

"మొన్న గురువారం నాడు సారే చెప్పిన్రు. గీడ కూసుంటె మాటలొస్తయని మీరు జెప్పిన్రు. గంత మంచి ముచ్చట నేనొక్కదాన్ని కడుపుల దాసుకుంటనా? అందరికి జెప్పిన."

"అందరికీ అంటే?"

"అందరికి అంటే… మా గల్లీకేనమ్మా." బాలవ్వ గొట్టం కింద పెట్టి, కొంచెం గర్వంగా, కొంచెం భయంగా అంది. "మా గల్లీ జర పెద్దది."

విశాలాక్షి చెంబు తెచ్చి నీళ్లు తోడడం మొదలుపెట్టింది. తోడుతూనే పైకి చూసి "ఏమండీ!" అని పిలిచింది. ఆ పిలుపుకు మూడో అంతస్తులో ఇంకెవరి భర్తో కూడా బాల్కనీలోకి వచ్చాడు. గురుమూర్తి లోచో తేవడానికి సంచీ పట్టుకుని మెట్లు దిగి వస్తున్నాడు.

"ఇది వసేనా అని బాలవ్వ అడిగితే మీరేమన్నారు?"

"ఎప్పుడు?"

"గురువారం."

"గురువారం నా ఏనుగు చిక్కులో ఉంది," అని గురుమూర్తి గుర్తు చేసుకున్నాడు. "మంత్రితో అడ్డం వెయ్యాలా, లేక…"

"మీరు అవునన్నారు. ఇప్పుడు బమ్రోలి అంతా ఇది వస అనుకుంటోంది. తెలుస్తోందా మీరు చేసిన పని?"

ఆయన చేతిలో ఫోను టింగుమంది. అవతలివాడు ఎత్తు వేశాడు. "ఆఁ, అదే అదే," అన్నాడు గురుమూర్తి.

ఆమె ఇక ఆయనతో వాదించలేదు. లోచో తెమ్మంది; పోతూ పోతూ, ఎవరినీ లోపలికి వదలవద్దని వాచ్‌మన్‌కు చెప్పమంది. రెంటిలో మొదటిది ఆయనకు గుర్తుంది.

ఆ రోజు మగ్గాలకు సెలవు. చెంబుతో తోడి, గుడ్డతో అద్ది, విశాలాక్షి చివరి దుంపను గట్టుకు ఎక్కించేసరికి గేటు దగ్గర అలికిడి అయింది. ముందుగా వజ్రమ్మ వచ్చింది. బాలవ్వ పక్కింటామె. చంకలో మనుమడు, చేతిలో కొబ్బరికాయ. మందు చెట్టును పూజించకుండా కొమ్ము తీయకూడదు మరి. ఆమె వెనక ఇద్దరు బాలింతలు, వాళ్ల వెనక అత్తలు, అత్తల వెనక ఆడబిడ్డలు. అందరి చంకల్లోనూ మాట రాని పిల్లలే. కొందరు ఇంకా మాట రావలసిన వయసుకు రాని పిల్లలు, ముందుజాగ్రత్తగా వచ్చారు. అందరి వెనకా నర్సింగం, ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో గంధం తీసే సాన పట్టుకుని, బాధ్యత గల మనిషి నడకతో వచ్చాడు. వాచ్‌మన్ ఆపబోతే "విశాలాక్షమ్మ రమ్మన్నది" అన్నారట. కూర్చోవడానికి చోటు లేక ఆడవాళ్లు ఓంప్రకాష్ పేర్పించిన సిమెంటు పలకల మీద వరసగా కూర్చున్నారు.

"శనార్తి అమ్మా," అంది వజ్రమ్మ, అందరి తరఫునా. "పచ్చి వస దొర్కుడు గీ దేశంల కష్టమేనమ్మా. దుకాణంల ఇచ్చేది ఎన్నేండ్లదో, పురుగు వట్టి ఉంటది. మీ అసుంటోళ్లు వెంచి పుణ్యం గట్టుకున్నరు. ఎంత ముక్క ఇస్తే గంతనే. మేం లొల్లి జెయ్యం."

విశాలాక్షి ఒక సిమెంటు పలక మీదికి ఎక్కింది. తరగతి గదిలో గోల సద్దుమణగడానికి ఆమె ఇచ్చే వ్యవధి ఇచ్చింది. తరువాత మొదలుపెట్టింది.

"అందరూ వినండి. ఇది వస కాదు. దీని పేరు ఐరిస్. ఇది పువ్వుల మొక్క, మందు మొక్క కాదు. దీని దుంప పిల్లల నోట్లో పెడితే వాంతులవుతాయి, కడుపులో మంట పుడుతుంది. ఆ మాటకొస్తే అసలు వసనే పసిపిల్లలకు పెట్టవద్దని డాక్టర్లు చెబుతున్నారు. మాట ఆలస్యమైతే వెళ్లవలసింది డాక్టరు దగ్గరికి, నా పెరట్లోకి కాదు. అర్థమైందా?"

అందరూ శ్రద్ధగా విన్నారు. అందరికీ అర్థమైంది. వజ్రమ్మ పక్కనున్న బాలింతతో నెమ్మదిగా అంది. "సూస్తివా? గంత పవర్ ఉంటదన్నట్టు. చిన్న మందులకు గింత భయం జెప్తరా ఎవలన్న?"

"ఇది విషం!" అంది విశాలాక్షి.

"మందులన్ని గట్లనే గదమ్మా," అన్నాడు నర్సింగం వినయంగా. "ఎక్కువైతెనే ఇషం. ఎన్ని సుట్లు అరగదియ్యాల్నో గది జెప్పుండ్రి, గంతనే దీస్త. నా చెయ్యి తప్పదు."

విశాలాక్షి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి వేలు కూడా ఎత్తింది. ఆమె విషం అన్నకొద్దీ వాళ్ల కళ్లల్లో భక్తి పెరిగింది. వద్దన్నకొద్దీ ఆశ పెరిగింది. గట్టిగా చెప్పిచెప్పి ఆమె గొంతు బొంగురుపోవడం మొదలైంది. తెలివైన వాళ్లకు తెలియజెప్పవచ్చు, తెలియని వాళ్లకు నేర్పవచ్చు. నమ్మకంతో కొబ్బరికాయ పట్టుకుని కూర్చున్న వాళ్లకు ఏ పద్ధతి ఉందో బోధనాశాస్త్రం ఎక్కడా చెప్పలేదు.

ఇంతలో గురుమూర్తి వేడివేడి లోచో పొట్లాలతో తిరిగి వచ్చాడు. పలకల మీద కూర్చున్న జనం ఆయన చేతి సంచీ వైపు చూశారు. వాసన అటువంటిది. ఆయన మొదటి నుంచీ మొగమాటస్థుడు. ఇంటికి వచ్చిన వాళ్ల ముందు పొట్లం దాచుకోవడం చేతకాక, "తీసుకోండమ్మా, తీసుకోండి" అంటూ వరసగా పంచడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు ఓంప్రకాష్ ఇద్దరు కమిటీ సభ్యులను వెంటబెట్టుకుని పంపు గది మలుపు తిరిగాడు. తిరిగి, అక్కడే ఆగిపోయాడు. ఆయనకు కనిపించింది ఇది: తన పలకల మీద బైఠాయించిన ఆడవాళ్లు. వాళ్ల ఒళ్లో పాలు తాగే పిల్లలు. కత్తి పట్టుకున్న ఒక మగవాడు. ఎత్తున నిలబడి, వేలెత్తి, ఎర్రబడ్డ ముఖంతో ఉపన్యసిస్తున్న విశాలాక్షి. జనానికి ఫలహారాలు పంచుతున్న ఆమె భర్త. సూరత్‌లో నాలుగు దశాబ్దాలు వ్యాపారం చేసిన మనిషికి దాన్నేమంటారో ఒకరు చెప్పనక్కరలేదు.

"మోర్చా! ధర్నా!" అన్నాడు.

సభ్యులిద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఓంప్రకాష్ రెండు చేతులూ జోడించి ముందుకు వచ్చి, గాయపడ్డ గొంతుతో హిందీలో అన్నాడు. "ఇదేమిటి ఆంటీజీ? మూడు అడుగుల మట్టి కోసం ఇంత పని చేస్తారా? ఒక మాట చెబితే కూర్చుని మాట్లాడుకునేవాళ్లం కదా. పాలు తాగే పిల్లలను కూడా తెచ్చి కూర్చోబెట్టారే!"

"నేను ఎవరినీ తీసుకురాలేదు. వాళ్లంతట వాళ్లే వచ్చారు."

"మోర్చా పెట్టినవాళ్లు అందరూ అదే అంటారు."

"ఓంప్రకాష్‌జీ, ఇటు చూడండి. పువ్వు పూసింది. మీరు మాట ఇచ్చారు."

"పువ్వు సంగతి తరువాత! ముందు ఆ కత్తి దింపించండి!"

నర్సింగం తన చేతిలోని కత్తిని కొత్తగా చూసినట్టు చూసి, లోచో పొట్లం కింద దాచాడు. అది ఇంకా అనుమానాస్పదంగా ఉంది. అప్పుడు గురుమూర్తి కల్పించుకున్నాడు. భార్యకు సాయపడదామనే ఆయన ఉద్దేశం. ఆయన ఉద్దేశాలు ఎప్పుడూ మంచివే. "మోర్చా కాదు భాయ్‌సాబ్. వీళ్లంతా మందు కోసం వచ్చారు. మాట రాని పిల్లలకు మాట తెప్పించే దుంప అట ఇది," అని స్పష్టమైన రైల్వే హిందీలో ప్రకటించాడు.

ఓంప్రకాష్ ముఖం మారింది. ఆయనకు ఒక మనుమడు ఉన్నాడు. వాడికి మాట రాక కాదు, సెల్‌ఫోను లోంచి తల ఎత్తక. తాత పిలిస్తే పలకడు. ఎప్పుడైనా పలికితే కార్టూను కుందేలు గొంతుతో కీచుమంటాడు. ఇంటిల్లిపాదీ దేవుళ్లకు మొక్కుకుంటున్నారు.

"మాట తెప్పిస్తుందా?" అన్నాడు నెమ్మదిగా. "ఒక్క ముక్క చాలునా?"

"చెటాకంత చాలు సేఠ్," అని నర్సింగం, ఆపద గట్టెక్కిందని తెలుసుకుని, గల్లీ హిందీలో చెబుతూ కత్తి మళ్లీ బయటకు తీసి మర్యాదగా పిడి ఆయన వైపు తిప్పాడు. "గీ పువ్వున్నది ముదురు కొమ్ము. గదే దియ్యుండ్రి."

ఓంప్రకాష్ వంగాడు. ఏ పువ్వును చూడడానికి ఆయన కిందికి దిగి వచ్చాడో, ఆ పువ్వునే చేత్తో పక్కకు నెట్టి, దాని కింది దుంపను పట్టుకున్నాడు. విశాలాక్షి నోరు తెరిచింది. అంతసేపు అరిచిన గొంతు అప్పుడే పూర్తిగా మూసుకుపోయింది. గాలి తప్ప శబ్దం రాలేదు. ఫ్రిజ్‌లో గడిపిన వర్షాకాలం, నిచ్చెన కింద నిలబడ్డ ఉదయాలు, లెక్కగట్టి పంచిన ఎండానీడలు ఒక్క గుంజుతో పోబోతున్నాయి. ఆమె చేయగలిగింది వేలు ఎత్తడం ఒక్కటే. ఎత్తింది. ఎవరూ చూడలేదు.

"దయచేసి ముట్టుకోకండి!"

ఆ గొంతు కింది నుంచి వచ్చింది. గట్టు మీద, మోకాళ్ల దాకా బురదతో, చాందిని లేచి నిలబడి ఉంది. కనుబొమలు ముడిచి ఉన్నాయి. చూపుడు వేలు నిటారుగా ఉంది. ఆ 'దయచేసి'లో దయ లేశమైనా లేదు.

ఓంప్రకాష్ చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చింది. ఆయనకు భాష తెలియదు, గానీ ఆ గొంతు తెలుసు. సర్వసభ్య సమావేశాల్లో విన్నదే. పలకల మీద జనం లోచో నమలడం మానేశారు.

"దయచేసి," అంది చాందిని మళ్లీ, తనకే కొత్తగా ఉన్నట్టు, ఒక్కొక్క అక్షరం రుచి చూస్తూ. "ముట్టు… కోకండి."

బాలవ్వ బురదలోనే కూలబడి, పిల్లను గుండెకు హత్తుకుని భోరుమంది. "మాట్లాడిందీ! నా బిడ్డ మాట్లాడిందీ! ఏమయ్యా, ఇన్నవా? పుస్తకం లెక్క మాట్లాడింది!" నర్సింగం సాన కింద పెట్టి, భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. పాతికేళ్లు మగ్గాల రొదలో ఏమీ వినిపించని మనిషి, ఆ రెండు మాటలను మాత్రం మళ్లీ మళ్లీ అనిపించుకుని విన్నాడు. వజ్రమ్మ తెచ్చిన కొబ్బరికాయ సిమెంటు పలక మీద ఫటేలున పగిలింది.

విశాలాక్షికి గొంతు కొంచెం పెగిలింది. సత్యం చెప్పకుండా ఉండడం ఆమెకు చేతకాదు. "ఇది దుంప మహిమ కాదు, బాలవ్వా," అంది బొంగురుగా. "నాలుగు నెలలుగా నేను రోజూ అంటున్న మాటే అది. విని విని పట్టుకుంది. పిల్లలు మాటలు నేర్చేది అలాగే."

"మేమేమంటున్నమమ్మా? మీ చేతి గుణమే."

"చెయ్యి కాదు. పిల్ల ఆ దుంపను రుచి అయినా చూడలేదు కదా!"

"గదే గదా!" అని వజ్రమ్మ అందుకుంది, కళ్లు మెరుస్తుండగా. "గాలికే గింత పనిజేస్తే, నాకితే ఎట్లుంటదో సూడు!"

బాలింతలు పిల్లలతో సహా ఒక్కసారిగా లేచారు. నర్సింగం సాన కోసం వెతికాడు. అప్పుడు విశాలాక్షి తన జీవితంలో మొట్టమొదటిసారి, పూర్తి నిజం కాని నిజం చెప్పింది.

"ఆగండి! నోట్లో పెడితే పనిచేయదు. పక్కన కూర్చోవాలి. అంతే. ఊరికే పక్కన కూర్చోవాలి."

జనం ఆగారు. ఆ వాక్యాలను ఆమె మనసులో ఒక్కొక్కటిగా తనిఖీ చేసుకుంది. నోట్లో పెడితే పనిచేయదు: నిజం. పక్కన కూర్చోవాలి: హాని లేదు. దేనికి కూర్చోవాలో ఆమె చెప్పలేదు. పరీక్ష పేపరులో ఇటువంటి జవాబు రాసిన పిల్లవాడికి ఆమె సగం మార్కులు కూడా వేసేది కాదు. అయినా కత్తి నర్సింగం తువ్వాలులోకి పోయింది. పిల్లల నోళ్లు క్షేమంగా ఉన్నాయి. ఆ పూటకు అది చాలు.

"పిల్ల ఏమంది?" అని ఓంప్రకాష్ గురుమూర్తిని అడిగాడు.

"ముట్టుకోకండి అంది."

ఓంప్రకాష్ మూడేళ్ల పిల్లకు నమస్కారం చేశాడు. తరువాత కమిటీ వైపు తిరిగి, అక్కడికక్కడే తీర్మానం చేయించాడు: ఈ నేల మీద ఎప్పటికీ స్కూటరు నిలపరాదు. సిమెంటు పలకలతో మడి చుట్టూ పిల్లలు కూర్చోవడానికి అరుగు కట్టించాలి. వేపకొమ్మ ఒక్కటి కూడా ఆంటీజీ అనుమతి లేకుండా నరకరాదు. సభ్యులిద్దరూ చెయ్యెత్తారు. బాలింతలు కూడా ఎత్తారు. విశాలాక్షి గెలిచింది. కోరుకున్నదంతా, కోరుకున్న దానికంటే ఎక్కువగా, వచ్చింది. ఒక్క పువ్వును మాత్రం ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి జనం ఇళ్లకు పోయారు. ఇంటికి రానని మొండికేసిన చాందిని, బాలవ్వ పని ముగించుకుని వచ్చేదాకా గట్టు మీదే కూర్చుంది. వేపనీడ మడి మీద పరుచుకుంది. ఓంప్రకాష్ మనుమణ్ని తీసుకువచ్చి, చేతిలోని ఫోను బలవంతాన లాక్కుని, పక్కన కూర్చోబెట్టాడు. వాడు కుందేలు గొంతుతో రాగం తీస్తే చాందిని వేలెత్తింది. వాడు ఆపాడు. అది చూసి తాత ముఖం వికసించింది.

విశాలాక్షి పంపు గది మెట్టు మీద కూర్చుని పువ్వునే చూస్తోంది. పక్కన గురుమూర్తి కొత్త ఆట మొదలుపెట్టాడు. నేల మిగిలింది, పిల్లకు మాట వచ్చింది, పువ్వు నిలబడింది. కనీసం ఈ ఒక్క మనిషైనా, మాట ఇచ్చినవాడైనా, దాని వైపు చూస్తాడేమోనని ఆమె ఎదురుచూస్తోంది. ఓంప్రకాష్ చూశాడు. కళ్లజోడు సర్దుకుని, వంగి, చాలాసేపు శ్రద్ధగా చూశాడు. తరువాత గొంతు తగ్గించి, ఆప్తుడిలా అన్నాడు.

"ఆంటీజీ, చిన్న మాట. మన మందు మొక్కల నడుమ ఏదో నీలం పువ్వు మొలిచింది. మట్టిలోని బలమంతా అదే పీల్చేస్తుంది. పీకేయించమంటారా?"

"ఆఁ, అదే అదే," అన్నాడు గురుమూర్తి, ఫోను లోంచి తల ఎత్తకుండా.

ఓంప్రకాష్ చెయ్యి చాపాడు. చాందిని వేలు లేచింది. చెయ్యి వెనక్కి పోయింది. విశాలాక్షి నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఆ మొక్కల పక్కన చలికాలమంతా కూర్చుని కూడా మాట పడిపోయిన మనిషి, ఆ సొసైటీలో ఆమె ఒక్కతే.